కేన్సర్ కషాయం అమ్మేవారికి ఒకే ఒక్క ప్రశ్న



మామిడి కాపు దిగే వేళకు మా హనుమాన్ జంక్షన్ కూడలికి రెండు రకాల సరుకు వస్తుంది. నూజివీడు తోటలనుండి చిన్న రసాలు, బంగినపల్లి కాయలు బండ్లమీద వస్తాయి. ‘కేన్సర్‌కు దివ్యౌషధం’ చేతిఫోన్లలో వస్తుంది. మొదటిదానిని కొనేటప్పుడు మనవారు చూపే జాగ్రత్త మీకు తెలియనిది కాదు. ఏ తోటదని అడుగుతారు. కార్బైడు వేసి మగ్గబెట్టారేమోనని అనుమానిస్తారు. తొడిమ దగ్గర వాసన చూస్తారు. రెండవదానిని మాత్రం ఒక్క ప్రశ్నయినా వేయకుండా ఇంటికి తెచ్చుకొంటారు. పైగా పదిమందికి పంపుతారు. డజను మామిడికాయలకు ఉన్న పరీక్ష మనిషి ప్రాణానికి లేకపోవడం న్యాయమా?

ఆ ఫోన్లలో తిరిగే మాటలు ప్రధానంగా నాలుగు. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం కీమోకన్నా పదివేల రెట్లు మేలట. పంచదార మానేస్తే గడ్డ ఆకలితో చచ్చిపోతుందట. ఒంట్లో ఆమ్లం తగ్గితే కేన్సర్ నిలువలేదట. ముక్క పరీక్ష చేయిస్తే, కత్తి తగిలిన గడ్డ ఒళ్ళంతా పాకుతుందట. మొదటి మూడూ ఆశ చూపి రోగిని మోసగిస్తాయి. నాలుగవది భయం చూపి, రోగం బయటపడే ఏకైక మార్గాన్నే మూసివేస్తుంది. నా లెక్కలో అన్నిటికన్నా ప్రాణాంతకమైనది అదే.

వీటిని చెప్పేవారిని అడగవలసిన ప్రశ్న ఒకటే ఉన్నది. “అయ్యా, మీ మందు కణవిభజనను ఏ మెట్టు దగ్గర, దేనిమీద పనిచేసి ఆపుతుంది? ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందిలో ఆపింది?” ఇది వైద్యులకే చెందిన ప్రశ్న అనుకోకండి. పదవ తరగతి జీవశాస్త్రం చదివిన ఎవరైనా అడగవచ్చు. అది ఎందుకు న్యాయమైన ప్రశ్నో చెప్పడానికి కొంత శాస్త్రం చెప్పక తప్పదు. ఓపికగా చదవమని మనవి.

ఆజ్ఞ ఎక్కడినుండి వస్తుంది?

మన చర్మంలో, పేగుల లోపలి పొరలో, ఎముక మజ్జలో కణాలు రాత్రింబవళ్ళు విభజన చెందుతూనే ఉంటాయి. ప్రతి విభజనకూ నాలుగు దశలున్నాయి. మొదట ఒక విరామం, తరువాత డి.ఎన్.ఏ.కు రెండవ ప్రతి తయారుకావడం. మళ్ళీ ఒక విరామం. చివరకు క్రోమోజోములు చిక్కబడి, కణం రెండుగా చీలడం. ఒక దశ పూర్తికాకుండా తరువాతిది మొదలయితే క్రోమోజోములు తునకలవుతాయి. కాబట్టి ఎవరో ఒకరు ‘ఇప్పుడు’ అని ఆజ్ఞ ఇవ్వాలి, ‘ఇంకా కాదు’ అని నిలపాలి. ఆ ఆజ్ఞ ఎక్కడిది?

ఈ ప్రశ్నకు 1970లో గట్టి సమాధానం చెప్పిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు. ఆయన పేరు పోతు ఎన్. రావు. అమెరికాలోని డెన్వర్ నగరంలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి ఆయన చేసిన ప్రయోగాలు ఆ ఏడాది ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. అంతకు రెండేళ్ళ ముందే, మా ఆపరేషన్ థియేటర్లలో మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువును అధిక పీడనంలో ప్రయోగించి, కణాలన్నిటినీ ఒకే దశలో నిలిపే పద్ధతిని ఆయన ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు.

ప్రయోగం వినడానికి సులువుగానే ఉంటుంది. వేరువేరు దశలలో ఉన్న రెండు కణాలను, చంపిన సెండాయ్ వైరస్ సాయంతో ఒకదానిలో ఒకటి కలిపివేశారు. ఇప్పుడు ఒకే కణంలో రెండు కేంద్రకాలు. డి.ఎన్.ఏ. తయారుచేసుకొంటున్న కణాన్ని, మొదటి విరామంలో ఉన్న కణంతో కలిపితే, విరామంలో ఉన్న కేంద్రకం కూడా వేళకు ముందే పని ప్రారంభించింది. ఆ పని ముగించుకొని రెండవ విరామంలో ఉన్న కేంద్రకంతో కలిపితే, అది మళ్ళీ ఆ పని చేయలేదు. రెండవది ముగించేవరకు వేచి ఉండి, రెండూ కలిసి చీలికకు సిద్ధమయ్యాయి. ఇక, చీలుతున్న కణంతో ఏ దశలోని కణాన్ని కలిపినా దాని క్రోమోజోములు అప్పటికప్పుడే చిక్కబడ్డాయి. సగం పనిలో ఉన్నవి నుజ్జునుజ్జుగా కనబడ్డాయి.

దీని అర్థమేమి? కణం లోపల, కేంద్రకానికి వెలుపల కూడా చరించే ఒక పదార్థం ఉన్నది. అది ఎదుటి కేంద్రకానికి ఆజ్ఞాపించగలదు. 1971లో మసూయి, మార్కెర్ట్ అనే ఇద్దరు కప్ప అండాలలో అటువంటి పదార్థాన్నే చూపారు. 1979లో ప్రసాద్ సుంకర, డేవిడ్ రైట్, పోతు రావు గార్లు చీలుతున్న మానవకణాల సారాన్ని కప్ప అండంలోకి ఎక్కిస్తే, అండం ఆ ఆజ్ఞను పాటించింది. మనిషి ఆజ్ఞ కప్పకు అర్థమయింది! ఈస్టులో హార్ట్‌వెల్, నర్స్, సముద్రపు జీవుల గుడ్లలో హంట్ చేసిన పరిశోధనలు ఈ దారితోనే వచ్చి కలిశాయి. 1988 నాటికి ఆ పదార్థం ఏమిటో తేలింది. ఆ ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది.

ఆ జాబితాలో రావుగారి పేరు లేదని నాకు పెద్దగా బాధ లేదు. అమెరికాలో ఫలానా కంపెనీకి అధిపతి అయిన తెలుగువాడి పుట్టిన ఊరు, చదివిన బడి మన పిల్లలకు కంఠతా వచ్చును. కణవిభజన రహస్యాన్ని ఛేదించిన వారిలో ముందువరుసలో నిలిచిన తెలుగువాడి పేరు సైన్సు ఉపాధ్యాయులకు కూడా తెలియదు. నా బాధ అది. తెలిసి ఉంటే, కషాయపు సందేశం ఎదురైనప్పుడు ‘ఏ మెట్టు దగ్గర?’ అనే ప్రశ్న మన నోట సహజంగా వచ్చి ఉండేది.

తాళమూ, తాళంచెవులూ

ఆ పదార్థం ఒకటి కాదు, రెండు ప్రోటీన్ల జంట. ఒకటి కైనేజ్, అనగా ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలించి పనిలోకి దించే యంత్రం. దానిని వైద్యభాషలో సి.డి.కె. అంటారు. రెండవది సైక్లిన్. కైనేజ్ ఎప్పుడూ కణంలో ఉంటుంది గాని ఒంటరిగా పనిచేయదు. దాని నిర్మాణంలో రెండు తమ్మెలు, వాటి నడుమ ఒక నొక్కు ఉంటాయి. ఏ.టి.పి. వచ్చి కూర్చునేది ఆ నొక్కులోనే. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రోటీన్‌లోని ఒక మడత ఆ నొక్కు వాకిలికి అడ్డంగా పడి ఉంటుంది. సైక్లిన్ వచ్చి పక్కన అతుక్కోగానే లోపలి మెలిక తిరిగి సరైన స్థానానికి వస్తుంది, అడ్డుమడత పక్కకు తొలగుతుంది. 1995లో న్యూయార్కులో పావ్లెటిచ్ బృందం ఈ జంట రూపాన్ని స్ఫటికాల ద్వారా చూపింది.

అంతటితో తలుపు తెరుచుకోదు. అడ్డుమడతమీద ఒక నిర్దిష్ట స్థానంలో ఫాస్ఫేటు పడాలి. అప్పుడే పూర్తి శక్తి వస్తుంది. వీ-వన్ అనే మరో ప్రోటీన్ నొక్కు దగ్గర ఇంకో ఫాస్ఫేటు పెట్టి యంత్రాన్ని బిగించి ఉంచుతుంది. వేళ వచ్చినప్పుడు సి.డి.సి. 25 దానిని తీసివేస్తుంది. డి.ఎన్.ఏ. దెబ్బతిన్నదని తెలిస్తే పి 53 అనే కాపలాదారు, పి 21 అనే ప్రోటీన్‌ను పంపి జంటను నిలిపివేయిస్తుంది. పి 16, పి 27 వంటివి మరికొన్ని అడ్డుకట్టలు. పని ముగిసే వేళకు ఏ.పి.సి. అనే పెద్ద ప్రోటీన్ సముదాయం సైక్లిన్‌కు ముద్ర వేసి, కణంలోని ప్రోటీన్లను ముక్కలుచేసే యంత్రానికి అప్పగిస్తుంది. నాశనమైన సైక్లిన్ తిరిగి రాదు కనుక కణచక్రం వెనక్కి తిరగదు. మామిడి పిందెలో తొలి వారాలలో కణాలు విభజన చెంది, ఆ తరువాత ఆగి, కాయ కేవలం కణాల పరిమాణంతో పెరుగుతుంది కదా. ఆ పిందెలో పనిచేసేదీ ఈ జాతి జంటే.

ఇన్ని తాళాలలో కొన్ని విరిగిపోవడమే కేన్సర్. ఒక్కొక్క రోగిలో విరిగేది ఒక్కొక్క తాళం. రొమ్ము కేన్సర్లలో కొన్నింట సైక్లిన్ డి మితిమీరుతుంది. అనేక కేన్సర్లలో పి 53 చెడిపోతుంది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌లో పాపిలోమా వైరస్ వచ్చి, తన రెండు ప్రోటీన్లతో రెండు కాపలాలను ఒకేసారి పడగొడుతుంది. తాళాలు వేరైనప్పుడు అన్నిటికీ ఒకే ఆకు ఎట్లా సరిపోతుంది? ‘అన్ని కేన్సర్లకూ ఒకే మందు’ అన్న మాట వినగానే, చెప్పేవాడికి కేన్సర్ అంటే ఏమిటో తెలియదని నిర్ధారించుకోవచ్చు.

నాలుగు మాటలకు నాలుగు జవాబులు

లక్ష్మణ ఫలం సంగతి. ఆ ‘పదివేల రెట్లు’ అన్న లెక్క గాజుపళ్ళెంలో ఒక రకం పేగు కేన్సర్ కణాలమీద చూసినది, మనుషులలో కాదు. గాజుపళ్ళెంలో కణాలను చంపడం ఘనకార్యం కాదు, ఫినాయిల్ కూడా చంపుతుంది. ఆ చెట్టులోని అనోనాసిన్ నాడీకణాలకు విషం. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ కాయలు, ఆకుల కషాయం విరివిగా వాడేవారిలో పార్కిన్సన్ వంటి వణుకుజబ్బు కనబడుతున్నదని 1999లోనే వైద్యపత్రిక ‘లాన్సెట్’లో హెచ్చరిక వచ్చింది.

పంచదార సంగతి. కేన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకొంటాయని ఆటో వార్‌బర్గ్ గమనించిన మాట నిజం. కాని మీరు పంచదారే కాదు, అన్నం మానినా మీ కాలేయం గ్లూకోజును తయారుచేసి రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. లేకపోతే మెదడు ఆగిపోతుంది. ఆకలికి మాడేది గడ్డ కాదు, రోగి. బక్కచిక్కిన రోగి చికిత్సను తట్టుకోలేడు. వార్‌బర్గ్‌కు ‘ఆమ్లమే కేన్సర్‌కు కారణమని కనిపెట్టినందుకు’ నోబెల్ ఇచ్చారని ప్రచారం చేస్తారు. అది అబద్ధం. 1931లో ఆయనకు బహుమతి వచ్చింది కణశ్వాసకు చెందిన ఎంజైమును గురించి. ఇక రక్తంలో ఆమ్ల–క్షార ప్రమాణం 7.35, 7.45 నడుమ ఉండేటట్లు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చూసుకొంటాయి. ఏ నీరు తాగినా, ఏ రసం తాగినా అది మారదు. మారితే మనిషిని ఐ.సి.యు.లో చేర్చవలసి వస్తుంది.

కత్తి సంగతి. సూది దారిలో కణాలు అంటుకోవడం అతి అరుదు. చికిత్స ప్రణాళికలో వైద్యులు దానిని కూడా లెక్కలోకి తీసుకొంటారు. ముక్క పరీక్ష తరువాత వ్యాధి పాకినట్లు కనబడితే, అది అంతకుముందే పాకి ఉన్నదనే అర్థం చాలాసార్లు. ముక్క తీయకుండా ఏ తాళం విరిగిందో తెలుసుకోవడం చాలాసార్లు కష్టం.

ప్రశ్నకు జవాబు చెప్పగల మందులు

‘ఆకుల మందంటే మీ ఇంగ్లీషు డాక్టర్లకు చులకన’ అనేవారున్నారు. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు సంగతి చెబుతాను. దాని ఆకులనుండి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మేము దశాబ్దాలుగా వాడుతున్న కేన్సర్ మందులే. అవి ఎక్కడ పనిచేస్తాయి? క్రోమోజోములను రెండువైపులకు లాగే సన్నని నాళికలను కట్టనివ్వవు; కణం చీలిక దశలోనే చిక్కుకొని చస్తుంది. అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావాలి. రోగికి ఇచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. కాస్త ఎక్కువైతే నరాలు పడిపోతాయి. అందుచేత ఆ ఆకును ఇంట్లో కాచుకొని తాగడం వైద్యం కాదు, విషప్రయోగం.

మనకు ఎంతో దూరంలో లేని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మరొక ఉదాహరణ. అది ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొని, కణం డి.ఎన్.ఏ. ప్రతి తయారుచేసుకొనే దశలోనే నిలువరిస్తుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకేన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాన్ని ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి మేలు చేసిందనీ, అదీ తాత్కాలికమనీ శీర్షికలోనే చెప్పుకొన్నాడు. గమనించండి: ఎంతమందికో చెప్పాడు, ఎంతకాలమో చెప్పాడు, ఓడిపోయిన చోట ఓడిపోయానన్నాడు. ఆ నిజాయితీమీద ఒక్కొక్క మందునూ పేర్చుకొంటూ వచ్చినందువల్లనే ఈనాడు సంపన్న దేశాలలో ఆ జబ్బు వచ్చిన పిల్లలు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. వారికిచ్చే మందులలో సుబ్బారావుగారి మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఉంది. బిళ్ళగన్నేరు కూడా ఉంది.

ఇక నేరుగా ఆ కైనేజ్ నొక్కులోనే దూరి కూర్చునే మందులు. పాల్బోసిక్లిబ్ అనే మాత్ర సి.డి.కె. 4, 6లను అడ్డుకొంటుంది. హార్మోను గ్రాహకాలున్న రొమ్ము కేన్సర్ ముదిరినవారికి 2015నుండి అమెరికాలో ఇస్తున్నారు. 21 రోజులు వేసి 7 రోజులు ఆపుతారు. ఎందుకంటే మజ్జలోని తెల్లకణాలకూ అదే తాళం అవసరం. అవి కోలుకోవడానికి ఆ వారం. ఇది రోగాన్ని సమూలంగా తీసివేయదు, జీవితాన్ని పొడిగిస్తుంది. మన దేశంలో 2023లో పేటెంటు ముగిసి, దేశీయ కంపెనీల మాత్రలు వచ్చి ధర బాగా దిగింది.

కీమోలో జుట్టు రాలడం, నోరు పూయడం, తెల్లకణాలు పడిపోవడం చూసి జనం భయపడతారు. జుట్టు కుదుళ్ళు, నోటి పొర, మజ్జ – ఇవి సహజంగానే వేగంగా విభజన చెందే చోట్లు. మందు నిజంగా కణవిభజనను ఆపుతున్నది కాబట్టే ఆ దెబ్బ వీటికీ తగులుతుంది. చాలావరకు తిరిగి కోలుకొంటాయి. ‘మా మందుకు ఏ దుష్ఫలితమూ లేదు’ అని గొప్పగా చెప్పుకొనేవాడి మందుకు ఫలితమైనా ఉందో లేదో అడగాలి.

ఆలస్యానికి లెక్క

ఒక కణం రెండై, రెండు నాలుగై, ముప్పైసార్లు రెట్టింపు అయితే సుమారు 107 కోట్ల కణాలవుతాయి. అది ఒక గ్రాము, చేతికి తగిలే బఠాణీగింజంత గడ్డ. ఇంకొక పదిసార్లు రెట్టింపు అయితే కిలో. మన వేలికి తగిలేసరికే ముప్పాతిక ప్రయాణం అయిపోయింది. మిగిలిన ఆ పాతికలోనే మేము ఏమయినా చేయగలం. కషాయం ఆ పాతికను తాగేస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రులలో నేను పనిచేసిన కాలంలో నొప్పిలేని రొమ్ముగడ్డతో వచ్చిన ఒక తల్లి నాకు జ్ఞాపకం. ‘నొప్పి లేదు కదయ్యా, కత్తి పెడితే పాకుతుందంట’ అని పరీక్షకు ఒప్పుకోకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు మామిడికోతలు రెండు అయిపోయాయి. చర్మం పుండు పడింది, వెన్నెముకలోకి పాకింది. ఆమెకు ఆకు ఇచ్చినవాడు ఒక్క రూపాయి తీసుకోలేదని ఇంటివారు మెచ్చుకోలుగా చెప్పారు. పుచ్చుకొన్నది రూపాయి కాదు, ఆ రెండు కోతల కాలం.

‘మీ ఆసుపత్రులకు పోతే ఆస్తులు అమ్ముకోవాలి, అయినా బతుకుతామన్న హామీ లేదు’ అంటారు. ఈ మాటలో నిజం ఉంది, కోపంలో న్యాయం ఉంది. అందుకే నా ప్రశ్నను కషాయం వారికే పరిమితం చేయవద్దు. ఎంత పెద్ద ఆసుపత్రి అయినా, ఎంత ఖరీదైన ఇంజక్షను రాసినా, ‘ఇది దేనిమీద పనిచేస్తుంది? నాలాంటివారు వందమందిలో ఎందరికి మేలు జరిగింది? ఎంతకాలం?’ అని అడగండి. అయిదు నిముషాలు కూర్చుని జవాబు చెప్పలేని వైద్యుడు ఆ కుర్చీకి తగడు. ఖర్చు విషయంలో, ప్రభుత్వ వైద్యసేవ పథకంలో చాలా కేన్సర్ చికిత్సలున్నాయి; పొలం బేరం పెట్టకముందు అక్కడ విచారించండి.

అందరికన్నా ముందు మన ఆడపిల్లల సంగతి. పోతు రావుగారు ప్రయోగం చేసిన హీలా కణాలు, 1951లో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో మరణించిన హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళవి. ఆమె అనుమతి అడగకుండానే తీసినవి. ఆమె గడ్డలో తాళాలు విరిచినది పాపిలోమా వైరస్సే అని తరువాత తేలింది. ఆ వైరస్‌కు ఈనాడు టీకా ఉన్నది. 2023నుండి దేశీయంగా తయారైనదీ దొరుకుతున్నది. 9–14 ఏళ్ళ వయసులో ఇవ్వడం మేలు. ఖమ్మం జిల్లాలో 2009లో జరిగిన కార్యక్రమం పేరు చెప్పి భయపెట్టేవారున్నారు. అక్కడ తల్లిదండ్రుల అనుమతి తీసుకొన్న తీరు తప్పే, పార్లమెంటు సంఘం దానిని గట్టిగా తప్పుపట్టింది. కాని బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేలింది. అనుమతి అడగని తప్పుకు శిక్ష టీకాకు వేసి, మన పిల్లలను వైరస్‌కు అప్పగించడం ఏ న్యాయం?

కేన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించడం 1954నాటి మందుల, మాయచికిత్సల చట్టం ప్రకారం నేరం. పత్రికలోనయినా, గోడమీదయినా. చట్టానికి డెబ్బై ఏళ్ళు దాటాయి. మన రోడ్డుపక్క బోర్డులు మాత్రం కొత్త రంగులతో వెలుగుతున్నాయి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ చట్టాన్ని అటక మీదినుండి దింపాలి. బోర్డు కనబడితే ఫొటో తీసి ఫిర్యాదు పంపడం మనందరి పని.

మీ ఇంట్లో ఎవరికైనా నొప్పి లేని గడ్డ, మూడువారాలకు మానని నోటిపుండు, నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం, తగ్గని బొంగురు గొంతు, కారణం తెలియకుండా బరువు తగ్గడం – వీటిలో ఏదున్నా ఈ వారమే వైద్యునికి చూపించండి, అవసరమన్నప్పుడు ముక్క పరీక్షకు ఒప్పుకోండి. ఆ తరువాత వచ్చిన ఏ సలహానయినా, ఎవరిచ్చినా, పైన చెప్పిన ప్రశ్నతో నిలదీయండి. జవాబు లేని మందును మీ ఇంటి గుమ్మం దాటనివ్వకండి. ఆ సందేశాన్ని మీ ఫోన్ దాటనివ్వకండి.